అద్దె కోసం మొదటి ఫ్లాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉద్యోగం చేసుకునేవాణ్ని, రియల్టర్‌ని కాదు. 2013లో మియాపూర్ దగ్గర ఒక పాత డబుల్ బెడ్‌రూమ్ కొని అద్దెకిచ్చాను. ఆరేళ్ల తర్వాత ఉప్పల్ వైపు ఇంకోటి. అప్పటి నుంచి పెళ్లి భోజనాల్లో కూర్చున్నా, ఆఫీసులో టీ తాగుతున్నా అవే ప్రశ్నలు. ఫోన్లో చెప్పిందే చెప్పలేక రాసి పెట్టాను. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. లెక్కలు ఎక్కువగా హైదరాబాదువి.

## కొనాలా, వద్దా

అద్దె డబ్బులతోనే ఈఎంఐ గడిచిపోతుందా?

గడవదు. నిజాంపేటలో 65 లక్షలకి రీసేల్ ఫ్లాటు కొన్నారనుకుందాం. లోను 52 లక్షలు, వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ నెలకి 45 వేల పైచిలుకు. అద్దె 22 వేలు వస్తే, ఖర్చులు పోను సగటున పదిహేడు, పద్దెనిమిది వేలు మిగులుతుంది. అంటే నెలనెలా జీతంలోంచి ఇంకో 27 వేలు వేయాలి. అద్దె ఏటా 5 శాతం పెరుగుతూ పోయినా ఈఎంఐని అందుకోవడానికి పద్నాలుగు, పదిహేనేళ్లు పడుతుంది. "అద్దె వస్తుంది, ఈఎంఐ అదే కట్టుకుంటుంది" అని చెప్పేవాడు మామూలుగా ఆ ఫ్లాటు అమ్మేవాడే అయ్యుంటాడు.

అన్ని ఖర్చులూ పోను నిజంగా ఎంత శాతం మిగులుతుంది?

మూడు శాతం అటూ ఇటూ. 65 లక్షల ఫ్లాటునే తీసుకోండి. రిజిస్ట్రేషన్ 7.5 శాతం లెక్కన 4.88 లక్షలు, బ్రోకర్‌కి 1 శాతం అంటే 65 వేలు, పెయింటింగూ గీజర్లూ కప్‌బోర్డులూ కలిపి లక్షన్నర. మీకు పడ్డ అసలు ధర 72 లక్షలు. నెలకి 22 వేల అద్దె, కానీ ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకుంటే చేతికొచ్చేది 2,42,000. దాంట్లో ఖాళీ నెల మెయింటెనెన్స్ 3,000, ఆస్తిపన్ను 6,000, రిపేర్లు 15,000, రెండేళ్లకోసారి బ్రోకర్‌కిచ్చే సగం నెల అద్దెలో ఏడాది వాటా 5,500 తీసేయండి. మిగిలింది 2,12,500. 72 లక్షల మీద అది 2.95 శాతం.

ఆ ఖాళీ నెలని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నేనూ తీసుకోలేదు. 2015లో నా ఫ్లాటు ముందు రోడ్డు డ్రైనేజీ పనులకని తవ్వి వదిలేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లు కారు దిగకుండానే వెనక్కి వెళ్లిపోయేవాళ్లు. అలా మూడు నెలలు పోయాయి.

ఎఫ్‌డీ ఇంతకు రెట్టింపు ఇస్తుంటే జనం ఫ్లాట్లు ఎందుకు కొంటున్నారు?

ధర పెరుగుతుందని. అద్దె కూడా ఏడాదికి కొంచెం పెరుగుతుంది, ఎఫ్‌డీ వడ్డీ పెరగదు. ఇంకొకటి, ఇరవై లక్షలు పెట్టి డెబ్బై లక్షల ఆస్తిని పట్టుకోనిచ్చే అప్పు ఇంటికి తప్ప ఇంకెక్కడా సామాన్యుడికి దొరకదు. ధర పెరిగితే ఆ లాభం మొత్తం మీదే, పెరగకపోతే వడ్డీ మొత్తం కూడా మీదే. మా కొలీగ్ ఒకాయన "ఈఎంఐ లేకపోతే ఆ డబ్బు ఎటో పోయేదండీ" అంటాడు. బలవంతపు పొదుపుగా చూస్తే ఆయన మాట నిజమే. నెలనెలా ఆదాయం మాత్రమే కావాలనుకునేవాళ్లకి, ముఖ్యంగా రిటైరై వచ్చిన డబ్బంతా ఒక్క ఫ్లాటులో పెట్టాలనుకునేవాళ్లకి, నేనైతే వద్దనే చెప్తాను.

మాకు సొంతిల్లే లేదు. ముందు అద్దెకిచ్చే ఫ్లాటు కొనొచ్చా?

కొనొచ్చు, అందులో తప్పేం లేదు. ఉద్యోగం కోసం కొండాపూర్‌లో అద్దెకుంటూ, స్తోమతకి తగ్గ ధరలో ఇంకోచోట కొనుక్కున్నవాళ్లు చాలామందే ఉన్నారు. "సొంతిల్లు పెట్టుకుని అద్దెకుంటున్నారా?" అని బంధువులు అడుగుతారు. దానికి సిద్ధంగా ఉండండి.

ఫ్లాటు కంటే ఓపెన్ ప్లాటు మేలు కదా?

ధర పెరుగుదల ఒక్కటే చూస్తే కావొచ్చు. కానీ ప్లాటు అద్దె ఇవ్వదు, ఈఎంఐకి పైసా సాయం చేయదు, నెలకోసారి వెళ్లి రాళ్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. అదీ పెట్టుబడే, అద్దె వ్యాపారం మాత్రం కాదు.

అంత డబ్బు లేదు. చిన్నగా మొదలుపెట్టే దారి ఉందా?

రీట్లు ఉన్నాయి. ఆఫీసు బిల్డింగులు కొని అద్దెకిచ్చే ట్రస్టులివి, స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధనల కింద నడుస్తాయి. యూనిట్లు షేర్లలాగే స్టాక్ మార్కెట్లో దొరుకుతాయి. మన దేశంలో మొదటిది 2019లో లిస్టయింది. పంచడానికి వీలైన నగదులో కనీసం 90 శాతం యూనిట్లున్నవాళ్లకి పంచాలన్నది రూలు. మాదాపూర్ మైండ్‌స్పేస్ బిల్డింగుల అద్దెలో మీకూ ఓ చిటికెడు రావచ్చన్నమాట. టెనెంటూ ప్లంబరూ ఫోన్ చేయరు. యూనిట్ ధర రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, అది చూసి తట్టుకోగలగాలి.

## డబ్బు, లోను

లోను ఎంత వస్తుంది, చేతిలో ఎంత ఉండాలి?

రిజర్వ్ బ్యాంకు పరిమితులున్నాయి. 30 లక్షల లోపు లోనుకి ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల లోనుకి 80 శాతం, ఆపైన 75 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చుని ఆస్తి విలువలో కలపరు, అది మీ జేబులోంచే పెట్టుకోవాలి. కాబట్టి 65 లక్షల ఫ్లాటుకి 13 లక్షల మార్జినూ (బ్యాంకు ఇవ్వని, మీరు పెట్టాల్సిన వాటా), రిజిస్ట్రేషన్, బ్రోకర్, రిపేర్లకి ఇంకో 7 లక్షలూ కలిపి 20 లక్షలు ఉండాలి. బ్యాంకు తన వాల్యుయర్ కట్టిన ధర మీదే లోను లెక్క వేస్తుంది. ఆ ధర మీ బేరం కంటే తక్కువ వస్తే తేడా కూడా మీరే పెట్టుకోవాలి.

మార్జిన్ కోసం పర్సనల్ లోను తీసుకోకండి. తీసుకున్న ఒకరిద్దరిని చూశాను. రెండేళ్లలోపే ఫ్లాటు అమ్మకానికి పెట్టారు.

కొన్నాక ఎంత పక్కన పెట్టుకోవాలి?

ఆరు నెలల ఈఎంఐ, దాంతోపాటు రిపేర్లకి లక్ష రూపాయలు. పాత ఫ్లాటైతే రిపేర్లకి ఇంకాస్త ఎక్కువ. అద్దె ఇల్లు కొనేటప్పుడు కాదు, నిలబెట్టుకునేటప్పుడు కష్టం. ఉద్యోగం పోవడం, ఫ్లాటు ఖాళీ అవడం, లిఫ్టు మార్చాలని అసోసియేషన్ తలా 40 వేలు అడగడం, ఈ మూడూ ఒకే మూడు నెలల్లో వచ్చిన మనిషిని నేనెరుగుదును. ధర ఇంకా పెరుగుతున్న రోజుల్లోనే ఆయన నష్టానికి అమ్ముకున్నాడు, పక్కన ఆరు నెలల డబ్బు లేక.

లోను ముందే తీర్చేయాలా, 20 ఏళ్లూ సాగనివ్వాలా?

వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్‌లోన్‌కి ముందస్తు చెల్లింపు పెనాల్టీ ఉండదు. బోనస్ వచ్చినప్పుడు కొంత కట్టండి. కట్టేటప్పుడు "ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా" అని అడుగుతారు. వడ్డీ ఎక్కువగా మిగిలేది గడువు తగ్గిస్తేనే.

## ఎక్కడ, ఏది

ఏ ఏరియాలో కొనమంటారు?

ఇప్పటికే అద్దెకి జనం వెతుక్కుంటున్న చోట. "ఐదేళ్లలో ఇక్కడికి మెట్రో వస్తుంది" అనే మాట మీద కాకుండా, ఇవాళ నడిచి వెళ్లగలిగేంత దూరంలో మెట్రో స్టేషనో, పెద్ద స్కూలో, ఆస్పత్రో, ఆఫీసులో ఉన్నచోట కొనండి. హైదరాబాదులో మియాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, నాగోల్ లాంటి చోట్ల టు-లెట్ బోర్డు ఎక్కువ రోజులు నిలవదు. విశాఖలో మధురవాడ వైపు చూసేవాళ్లకీ ఇదే లెక్క.

నేను చేసే పని ఒకటుంది. కొనబోయే ఫ్లాటు చుట్టూ అర కిలోమీటరు నడుస్తాను. టు-లెట్ బోర్డులున్న నంబర్లకి టెనెంటులా ఫోన్ చేసి అద్దె, అడ్వాన్సు, ఎన్నాళ్లుగా ఖాళీ అని అడుగుతాను. పది ఫోన్లు చేస్తే, బ్రోకర్ చెప్పిన "ఈజీగా పాతిక వేలు" అసలు ఎంతో తెలిసిపోతుంది.

కడుతున్న ఫ్లాటు మేలా, రెడీ ఫ్లాటా?

అద్దె కోసమైతే రెడీదే. కడుతున్నదానికి 5 శాతం జీఎస్‌టీ ఉంటుంది. 45 లక్షల లోపు ధర ఉండి, మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా (గోడల మధ్య వాడుకునే చోటు) దాటకపోతే 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) వచ్చాక అమ్మే ఫ్లాటుకి జీఎస్‌టీ లేదు. అంతకంటే ముఖ్యం, కట్టే మూడేళ్లూ వడ్డీ కడుతూనే ఉంటారు, అద్దె మాత్రం రాదు. మీరిప్పుడుంటున్న ఇంటి అద్దె కూడా కడుతుంటే ఊపిరాడదు.

ప్రీలాంచ్‌లో సగం ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడం, అమ్మడం 2016 చట్టం ప్రకారం నేరం. రెరా నంబరున్నా, రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మొత్తం డబ్బు ఒకేసారి కట్టించుకుని, పర్మిషన్లు లేని భూమిలో గజాల లెక్కన వాటా రాసిచ్చే పథకాలు హైదరాబాదు చుట్టుపక్కల చాలా వచ్చాయి. చాలామంది డబ్బు ఇరుక్కుపోయింది. సగం ధర అంటేనే మిగతా సగం రిస్కు మీది.

పదిహేనేళ్ల పాత ఫ్లాటు కొనొచ్చా?

ధర కుదిరితే నేను కొత్తదాని కంటే ఇదే ఇష్టపడతాను. అద్దెలో తేడా రెండు మూడు వేలు, ధరలో తేడా పదీ ఇరవై లక్షలు. రెండు చూసుకోండి. ఒకటి యూడీఎస్, అంటే స్థలంలో మీ పేరున వచ్చే అవిభాజ్య వాటా. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్లో నలభై, యాభై గజాలు రావచ్చు. ఆకాశాన్నంటే టవర్లో అది బాగా తగ్గిపోతుంది. రెండోది పైపులు, బాత్‌రూములు.

నా మియాపూర్ ఫ్లాటులో టెనెంటు ఒకరోజు పొద్దున ఆరున్నరకి ఫోటో పంపింది. హాలు గోడ మీద పళ్లెమంత తడి మచ్చ. ప్లంబర్ వచ్చి గోడ తట్టి, తలెత్తి చూసి, "మీది కాదు సార్, పైవాళ్ల బాత్‌రూము నహానీ ట్రాప్ దగ్గర లీకు" అన్నాడు. అంటే బాత్‌రూము నేల మీద నీళ్లు పోయే జాలీ. పైవాళ్లు ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా మచ్చ దోసె పెనమంత అయింది, టెనెంటు అద్దెలో రెండు వేలు తగ్గించుకుంది. తగ్గించుకోవడం న్యాయమే. పాత ఫ్లాటు చూసేటప్పుడు కప్‌బోర్డు తలుపు తీసి లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. బయటి గోడలకి కొత్త రంగు వేస్తారు గానీ అక్కడ వేయరు.

ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంకా ఏం అడగాలి?

ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. "అన్నా, ఎండాకాలం రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తయ్?" బోరు ఎండిపోయిన అపార్ట్‌మెంట్లో ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది, టెనెంట్లు ఖాళీ చేస్తారు. మున్సిపల్ నీళ్లు వస్తాయా, బోరేనా? జనరేటర్ లిఫ్టుకేనా, ఇంట్లోకీనా? కార్ పార్కింగ్ మీ డాక్యుమెంట్లో రాసుందా, లేక "ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ" పద్ధతా? పాత ఓనర్ మెయింటెనెన్స్ బాకీ ఉన్నాడా? చివరిదానికి అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న కాగితం తీసుకోండి.

పోర్షన్ల ఇల్లు కొంటే అద్దెలు ఎక్కువ కదా?

ఎక్కువే. రెండంతస్తుల్లో ఐదు పోర్షన్లుంటే ఒకటి ఖాళీ అయినా నాలుగింటి అద్దె వస్తుంది, స్థలమంతా మీదే. కానీ ఐదు కుటుంబాలకి ఒకటే మోటారు, ఒకటే సంపు. ఎవరు ఎక్కువ వాడారన్న పంచాయితీ మీ దగ్గరికే వస్తుంది. ఆ ఇంట్లోనో, పక్క వీధిలోనో ఉండేవాళ్లకే ఇది కుదురుతుంది.

## కాగితాలు

ఏ కాగితాలు చూడాలి?

సేల్ డీడ్, దానికి ముందరి లింక్ డాక్యుమెంట్లు, కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), మున్సిపల్ ప్లాన్ పర్మిషన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తాజా ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు. ఈసీ రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22ఏ కింద, ఉందేమో తప్పనిసరిగా చూడండి. అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ భూములు అక్కడే బయటపడతాయి.

హైదరాబాదులో కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఒకటుంది. బిల్డర్ ప్లాన్ ప్రకారం కడతాడన్న హామీగా పర్మిషన్ సమయంలోనే నిర్మాణంలో 10 శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేస్తాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు చూపిస్తున్న ఫ్లాటు ఆ పది శాతంలోది కాదని తేల్చుకోండి.

బ్యాంకు లీగల్ ఒపీనియన్ ఇచ్చింది కదా అని ఊరుకోకండి. అది బ్యాంకు డబ్బు కోసం రాసింది. పది పదిహేను వేలిచ్చి మీ లాయర్‌తో విడిగా చూపించుకోండి.

చెరువుల దగ్గర కొంటే హైడ్రా కూల్చేస్తుందా?

ఆ భయం ఉంది, అందుకే కొనకముందే చూడాలి. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్. దాని చుట్టూ బఫర్ జోన్ ఉంటుంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు. ఆ హద్దులో నిర్మాణం కుదరదు. చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024 జులైలో ఏర్పడింది. అప్పటి నుంచి చెరువు పక్క ఫ్లాట్ల గురించి అడిగేవాళ్లు పెరిగారు. హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపుల్లో మీ సర్వే నంబరు చూసుకోండి. లేక్ వ్యూ అని పేరున్న ప్రతి ప్రాజెక్టుకీ ఈ పని రెండుసార్లు చేయండి.

కొనేవాళ్లే టీడీఎస్ కట్టాలంటున్నారు, ఏమిటది?

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి 1 శాతం మీరు తగ్గించి, వాళ్ల పాన్ మీద ఇన్‌కమ్‌ట్యాక్స్‌కి కట్టాలి. 65 లక్షలకి 65 వేలు. కట్టకపోతే వడ్డీ, ఫైను మీ మీద పడతాయి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఈ 1 శాతం వర్తించదు, రేటు చాలా ఎక్కువ. బేరం కుదరకముందే "మీరు ఇండియా రెసిడెంటేనా అండీ?" అని అడిగి తెలుసుకోండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంకేం పనులున్నాయి?

ఆస్తిపన్ను, కరెంటు మీటరు, నీటి కనెక్షన్ మీ పేరుకి మార్పించుకోండి. అసోసియేషన్‌లో పేరు ఎక్కించండి. జీహెచ్‌ఎంసీ పరిధిలో ఏప్రిల్‌లోనే ఏడాది ఆస్తిపన్ను కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు.

## టెనెంటు

అద్దె ఎంత పెట్టాలి?

పక్క ఫ్లాటు కంటే ఐదు వందలు తక్కువ. నవ్వకండి. 22 వేల దగ్గర ఐదు వందలు తగ్గిస్తే ఏడాదికి ఆరు వేలు పోతాయి. అదే ఒక్క నెల ఖాళీగా ఉంటే 22 వేలు. వచ్చినవాళ్లలో మంచివాళ్లని ఎంచుకునే వీలూ ఉంటుంది.

బ్యాచిలర్లకి ఇవ్వొచ్చా?

నా అనుభవంలో అద్దె ఠంచనుగా వేసింది వాళ్లే. ఇబ్బంది అంతా అసోసియేషన్‌తో. అగ్రిమెంటు రాయకముందే ప్రెసిడెంటుతో ఒక మాట మాట్లాడి పెట్టుకోండి. "ఫలానా కులంవాళ్లకే", "వెజిటేరియన్లకే" అని బోర్డు పెట్టేవాళ్లు సగం మార్కెట్‌ని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తున్నారు. ఆ తర్వాత మూడు నెలలుగా ఖాళీ అని వాళ్లే నాకు ఫోన్ చేస్తారు.

ఎవరికిచ్చినా ఆధార్, ఆఫీసు ఐడీ కాపీలు తీసుకోండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి. వీలైతే ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనర్‌తో మాట్లాడండి.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారు?

కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుని రిజిస్టర్ చేయించాలి, దానికి స్టాంప్ డ్యూటీ, ఫీజు ఉంటాయి. అది తప్పించుకోవడానికి 11 నెలలు రాయడం అలవాటైంది. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం రాష్ట్ర సవరణ వల్ల ఎంత చిన్న లీజైనా రిజిస్టర్ చేయించాలన్నదే చట్టం. ప్రతిసారీ కొత్తది రాసుకోండి. పాత అగ్రిమెంటు మీదే ఐదేళ్లు నడిపేవాళ్లు ఎక్కువ, గొడవ వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. అద్దె, తేదీ, ఏటా పెంపు శాతం, నోటీసు ఎన్ని నెలలు, మెయింటెనెన్స్ ఎవరిది, ఇంట్లో ఉన్న ఫ్యాన్లు, గీజర్లు, లైట్ల లిస్టు, ఇవన్నీ అందులో ఉండాలి. తాళాలు ఇచ్చే రోజు ఫోన్లో ఇల్లంతా వీడియో తీసి ఇద్దరూ దాచుకోండి.

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఒక నెల అద్దె పట్టుకోవచ్చా?

హైదరాబాదులో అది ఆనవాయితీ. అగ్రిమెంట్లో రాసుకుంటే పట్టుకోండి. కానీ మూడేళ్లు ఒక్క రోజు ఆలస్యం చేయకుండా కట్టినవాళ్ల దగ్గర, గోడలు శుభ్రంగా ఉన్నా మొత్తం పట్టుకోవడం నాకు నచ్చదు. అలాంటివాళ్లే వెళ్తూ వెళ్తూ తమ స్నేహితుల్ని టెనెంట్లుగా తెస్తారు. నాకు ఇద్దరు అలాగే వచ్చారు, బ్రోకర్ ఖర్చు లేకుండా.

రిపేర్లు ఎవరు చేయించాలి?

గోడ, పైపు, వైరింగ్, లీకులు మీవి. బల్బు, ట్యాప్ వాషర్, వాళ్ల చేతిలో పగిలినవి వాళ్లవి. గీజర్ దగ్గరే గొడవంతా. నేను కొత్త గీజర్ పెట్టించి ఇస్తాను, సర్వీసింగ్ వాళ్లది, పూర్తిగా పోతే నాది. ఇంటి దగ్గర నమ్మకమైన ప్లంబరు, ఎలక్ట్రీషియను ఒక్కొక్కరు ఉంటే సగం టెన్షన్ పోతుంది.

టెనెంటు 12 ఏళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందట కదా?

కాదు. పన్నెండేళ్ల సూత్రం యజమాని అనుమతి లేకుండా, యజమానిని కాదని, బాహాటంగా ఆక్రమించుకున్న వాళ్ల విషయంలోది. అద్దెకున్నవాళ్లు మీ అనుమతితో ఉన్నవాళ్లు. అద్దె బ్యాంకు ద్వారా తీసుకుంటూ, అగ్రిమెంట్లు తాజాగా పెట్టుకుంటే భయం లేదు. చుట్టాలబ్బాయిని ఊరికే ఉండమని కాగితం లేకుండా వదిలేసిన ఇళ్లలోనే తలనొప్పులు వస్తాయి.

అద్దె ఇవ్వడం మానేస్తే ఏం చేయాలి?

రెండో నెలకే రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్ అయినా సరే. తర్వాత లాయర్ నోటీసు. నెలవారీ అద్దెకైతే ఖాళీ చేయమని 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత కోర్టు, అది నెలలతో తేలదు. కరెంటు పీకించడం, బయట తాళం వేయడం చేయకండి, కేసు మీ మీదకే తిరుగుతుంది. నిజం చెప్పాలంటే, అడ్వాన్సు తిరిగిచ్చేసి, రెండు నెలల బాకీ మాఫీ చేసి సామరస్యంగా పంపించేసినవాళ్లే తక్కువ నష్టపోయారు.

## పన్ను

అద్దె మీద పన్ను ఎలా లెక్కిస్తారు?

వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తిపన్ను తీసేయాలి. మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద తగ్గిస్తారు, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. తర్వాత హోమ్‌లోన్ వడ్డీ. అద్దె 2,42,000, ఆస్తిపన్ను 6,000 అయితే 2,36,000. అందులో 30 శాతం పోతే 1,65,200. మొదటి ఏడాది వడ్డీయే నాలుగు లక్షలు దాటుతుంది కాబట్టి లెక్కలో నష్టమే. పాత పన్ను విధానంలో ఆ నష్టాన్ని 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు, మిగిలింది ఎనిమిదేళ్ల దాకా అద్దె ఆదాయం మీద సర్దుకోవచ్చు. కొత్త విధానంలో జీతంలోంచి తగ్గించుకునే వీలు లేదు. "లోనుంటే ట్యాక్స్ మిగులుతుంది" అన్న పాత సలహా చాలామందికి ఇప్పుడు పనిచేయదు.

మా టెనెంటు టీడీఎస్ అంటున్నాడు. అద్దె తగ్గించి ఇస్తాడా?

అద్దె నెలకి 50 వేలు దాటితే టెనెంటు 2 శాతం తగ్గించి మీ పాన్ మీద కట్టాలి. 2024 సెప్టెంబరు దాకా అది 5 శాతం. ఆ డబ్బు పోదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

## అమెరికాలో ఉంటూ

మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడ ఫ్లాటు కొని అద్దెకివ్వొచ్చా?

ఎన్నారైలు ఇల్లు, ఫ్లాటు, కమర్షియల్ ఆస్తి కొనొచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే ఎన్నారైల ఇండియా ఆదాయం జమయ్యే రూపాయల ఖాతాలో, పడాలి. టెనెంటు ఎంత చిన్న అద్దెకైనా సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ తగ్గించి కట్టాలి. చాలామంది టెనెంట్లకి ఈ సంగతే తెలియదు, ముందే చెప్పండి. ఆ అద్దెని అమెరికా రిటర్న్‌లోనూ చూపించాలి, ఇక్కడ కట్టిన పన్నుకి అక్కడ క్రెడిట్ వస్తుంది. అమెరికా బయటున్న మీ ఖాతాలన్నిటిలో కలిపి నిల్వ ఏడాదిలో ఎప్పుడైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం, కూడా వేయాలి.

ఇక్కడి పనులకి బావమరిదికో, తమ్ముడికో పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు. "అన్నీ చేయొచ్చు" అనే జనరల్ పవర్ కాకుండా, ఫలానా ఫ్లాటుని అద్దెకివ్వడం, అద్దె వసూలు చేయడం వరకే అని రాసిన స్పెషల్ పవర్ ఇవ్వండి. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. అమ్మే అధికారం కాగితంలో లేకపోతే రేపు ఎవరికీ ఆ ఆలోచనే రాదు.

## అమ్మేటప్పుడు

అమ్మితే ఎంత పన్ను పడుతుంది?

24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, దాని మీద సెస్సు. 2024 జులై 23కి ముందు కొన్న ఆస్తి అయితే, ఇండియాలో ఉంటున్నవాళ్లు ధరల సూచీ సర్దుబాటుతో 20 శాతం పద్ధతి కూడా లెక్కేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. లాభాన్ని రెండేళ్లలో ఇంకో ఇల్లు కొనడానికో, మూడేళ్లలో కట్టుకోవడానికో వాడితే మినహాయింపుంది. ఆరు నెలల్లోపు నిర్దేశిత బాండ్లలో 50 లక్షల దాకా పెట్టడం ఇంకో దారి. 24 నెలలు నిండకుండా అమ్మితే లాభం మీ మామూలు ఆదాయంలో కలుస్తుంది.

టెనెంటు ఉండగా అమ్మొచ్చా?

అమ్మొచ్చు. తాముండటానికి కొనేవాళ్లు ఖాళీ ఫ్లాటే అడుగుతారు, అద్దె కోసం కొనేవాళ్లు టెనెంటు ఉంటే సంతోషిస్తారు. అమ్మాలనుకున్న రోజే టెనెంటుకి చెప్పండి. చెప్పకుండా ఆదివారాలు కొనేవాళ్లని తీసుకెళ్తే తలుపు తీయరు, తీసినా లోపలి గదుల్లో బట్టలారేసి ఉంటాయి. అడ్వాన్సు మీరే తిరిగిచ్చేస్తారా, కొత్త ఓనర్‌కి బదిలీ చేస్తారా అన్నది సేల్ అగ్రిమెంట్లోనే రాసుకోండి. మా కొలీగ్ ఒకాయన అది రాయడం మర్చిపోయి, ఫ్లాటు అమ్మేసిన ఏడాదికి పాత టెనెంటు ఫోన్ చేసి అడిగితే 44 వేలు తన జేబులోంచి ఇచ్చాడు.